కారు పెయింట్‌కి పాలిషింగ్ మెషిన్, ప్యాడ్లు, కాంపౌండ్లు: హైదరాబాద్‌లో అందరూ అడిగే డౌట్లు

ఎండలు ముదిరే ముందు ఒకసారి, వానలు ఆగాక ఒకసారి ఇవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఏ మెషిన్ కొనాలి, ఎన్ని ప్యాడ్లు కావాలి, పెయింట్ పోతదా అని. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. మొదటే ఒక్క మాట గట్టిగా చెప్తా: పాలిష్ చేసిన ప్రతిసారీ పైపొరలోంచి కొంత తీసేస్తున్నాం, తీసింది మళ్ళీ రాదు. కాబట్టి ఏ పనైనా తక్కువ పదునుతో మొదలుపెట్టండి.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

ఎండలో చూస్తే బానెట్ మీద గుండ్రంగా సన్న గీతలు కనిపిస్తున్నాయి, ఇవి పోతాయా?

చాలావరకు పోతాయి. వీటిని స్వర్ల్స్ అంటారు, దుమ్ముతో ఉన్న కారుని బట్టతో తుడిచినప్పుడు ఆ ఇసుక రేణువులే గీస్తాయి. గీత మీద వేలిగోరు అడ్డంగా మెల్లగా లాగి చూడండి, గోరు ఎక్కడా తట్టకపోతే మెషిన్ పాలిష్‌తో పోయే అవకాశం ఎక్కువ. తట్టిందంటే లోతుగా పడినట్టు, దాన్ని పూర్తిగా తీసెయ్యాలని పట్టుపడితే చుట్టూ పెయింట్ అరిగిపోతుంది, అంచులు మెత్తబడి కొంచెం తక్కువ కనిపించేలా చేసి వదిలెయ్యడమే మంచిది. తెల్లగా ప్రైమర్, లేదా ఇనుము కనిపిస్తుంటే అది టచప్ పెయింట్ పని.

పాలిష్ చేస్తే పెయింట్ పల్చబడుతుంది అంటున్నారు, నిజమేనా?

నిజమే, కాకపోతే జాగ్రత్తగా చేస్తే ఒక్కసారికి తగ్గేది చాలా తక్కువ. ఫ్యాక్టరీ పెయింట్ అన్ని పొరలూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో పైనుండే క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు. ప్రింటర్‌లో పెట్టే ఏ4 పేపర్ ఒక్కటి దాదాపు 100 మైక్రాన్లు, అందులో సగం కూడా లేని పొర మీద మనం పని చేస్తున్నాం అని గుర్తుంటే చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. ఎండలోని యూవీని ఆపేది కూడా ఈ పొరే. ఏళ్ళ తరబడి బయట ఎండలో నిలబెట్టిన కార్లకి రూఫ్ మీద తెల్లగా పొట్టు లేచినట్టు కనిపిస్తుంది చూడండి, అది క్లియర్ కోట్ చచ్చిపోయిన పెయింట్. దానికి ఏ కాంపౌండూ (గీతలు తీసే గరుకు మందు) పనిచెయ్యదు, రీపెయింటే దారి.

మెషిన్ ఎందుకు, చేత్తో రుద్దితే కాదా?

డోర్ హ్యాండిల్ కింద గోటి గీతలకి, చిన్న చిన్న మచ్చలకి చెయ్యి చాలు. కారు మొత్తం చేత్తో అంటే భుజాలు పడిపోతాయి, పైగా ఒత్తిడి ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పడి మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఉన్నది ఒక్క కారు, మెషిన్ కొనడం వేస్టా? షాప్‌లో ఇచ్చేస్తే పోలా?

తెలుపో సిల్వరో కారు ఒక్కటే ఉండి, ఆదివారం పొద్దంతా దీనికి పెట్టే ఓపిక లేకపోతే షాపే మేలు, మొహమాటం లేకుండా చెప్తున్నా. నల్ల కారు, ముదురు నీలం, మెరూన్ ఉన్నవాళ్ళకి, ఇంట్లో రెండు మూడు బండ్లు ఉన్నవాళ్ళకి మెషిన్ గిట్టుబాటు అవుతుంది. షాప్‌కి ఇచ్చేటట్టయితే మూడు అడగండి: ఏ మెషిన్‌తో చేస్తారు, పెయింట్ మందం కొలుస్తారా, పాలిష్ అయ్యాక ఆల్కహాల్‌తో తుడిచి చూపిస్తారా. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట నేనైతే తాళాలు ఇవ్వను.

## మెషిన్ ఎంచుకునేటప్పుడు

రోటరీ, డీఏ అంటున్నారు, తేడా ఏందన్నా? ఫస్ట్ టైమ్‌కి ఏది తీసుకోవాలె?

డీఏ తీసుకోండి. రోటరీలో ప్యాడ్ ఒక్క ఇరుసు మీదే గిర్రున తిరుగుతుంది, అందుకే కోత (పెయింట్ తీసే పదును) ఎక్కువ, వేడీ ఎక్కువ, ఒకచోట రెండు క్షణాలు ఎక్కువ ఆపితే అంచుల దగ్గర పెయింట్ కాలి కింద రంగు బయటపడుతుంది. సరిగ్గా ముగించకపోతే ఎండలో హాలోగ్రామ్ చారలు (మెషిన్ తిరిగిన దారిలో మెరిసే గీతలు) కూడా కనిపిస్తాయి. డీఏ అంటే డ్యూయల్ యాక్షన్, ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకచోట పేరుకోదు, కొత్తవాళ్ళ చేతిలో కూడా పెయింట్ కాలే ప్రమాదం చాలా తక్కువ. రోటరీ చెడ్డదని కాదు, రీపెయింట్ చేసిన ప్యానెల్ మీద సాండింగ్ గీతలు తీయడానికి అది చాలా ఫాస్ట్, కానీ ముందు ఏ స్క్రాప్ షాప్‌లోనో ఒక పాత బానెట్ తెచ్చుకుని దాని మీద చెయ్యి తిరిగాకే సొంత కారు మీద పెట్టాలి. మూడో రకం ఒకటుంది, ఫోర్స్‌డ్ రొటేషన్, గేర్ల మీద నడుస్తుంది, ఎంత ఒత్తినా ప్యాడ్ ఆగదు. జర్మనీ కంపెనీ ఫ్లెక్స్ వాళ్ళ ఎక్స్‌సీ 3401 ఈ రకంలో బాగా పేరున్నది. మొదటి మెషిన్‌గా మాత్రం అవసరం లేదు.

8 ఎంఎం, 15 ఎంఎం, 21 ఎంఎం అని రాస్తారు, అదేంటి?

డీఏ మెషిన్‌లో ప్యాడ్ ఎంత వెడల్పున ఊగుతుందో ఆ కొలత, త్రో అంటారు. 8 ఎంఎం చిన్న కదలిక, మెగ్వైర్స్ ఎంటీ300 లాంటివి ఈ కోవలోవి, వంపులు, పిల్లర్లు, బంపర్ మూలల్లో సుఖంగా ఉంటుంది, పెద్ద బానెట్‌కి టైమ్ పడుతుంది. 21 ఎంఎం ఎస్‌యూవీ రూఫ్, బానెట్ లాంటి చదును ప్యానెల్స్‌కి బాగుంటుంది కానీ వంపు దగ్గర ప్యాడ్ ఆగిపోతుంటుంది. ఇటలీ కంపెనీ రూపెస్ వాళ్ళ బిగ్‌ఫుట్ మెషిన్లు 15లోనూ 21లోనూ దొరుకుతాయి. మన దగ్గర ఎక్కువగా ఉండే హ్యాచ్‌బ్యాక్‌లు, చిన్న ఎస్‌యూవీలకి ప్యానెల్స్ చిన్నవి, వంపులు ఎక్కువ, కాబట్టి 8 గానీ 15 గానీ తీసుకోండి, ఒక్కటే కొనేటట్టయితే నా ఓటు 15కి.

ఇంట్లో గ్రైండర్ ఉంది, డ్రిల్ ఉంది, వాటికే ప్యాడ్ బిగించి చెయ్యొచ్చా?

గ్రైండర్ అస్సలు వద్దు. నాలుగు అంగుళాల యాంగిల్ గ్రైండర్ దాదాపు 11,000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంది, పాలిషింగ్ రోటరీ మెషిన్లు పనిచేసేది 600 నుంచి 3,000 మధ్యలో. ఆ స్పీడ్‌లో ప్యాడ్ చిరిగి ఎగిరిపోవచ్చు, పెయింట్ కాలడానికి క్షణం చాలు. డ్రిల్ అంత ప్రమాదం కాదు గానీ పట్టుకోవడానికి సరైన పిడి ఉండదు, ప్యాడ్ వంగి అంచుతో గీస్తుంది. హెడ్‌లైట్ల పసుపు తీయడానికి చిన్న ప్యాడ్‌తో డ్రిల్ వాడుకోండి, అంతవరకే.

మా బావ అమెరికా నుంచి వస్తున్నాడు, మెషిన్ తెమ్మని చెప్పనా?

మెషిన్ వద్దు, ప్యాడ్లు తెప్పించుకోండి. అక్కడి మెషిన్లు 120 వోల్టులకి తయారైనవి, మన ఇంట్లో 230, నేరుగా ప్లగ్ పెడితే మోటార్ కాలిపోతుంది. ప్లగ్ షేప్ మార్చే అడాప్టర్ వోల్టేజ్‌ని మార్చదు, ఈ ఒక్క విషయం తెలియక మెషిన్లు పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ మెషిన్ వాట్స్ కంటే బాగా ఎక్కువ సామర్థ్యం ఉన్నది కావాలి, బరువు ఉంటుంది, వారంటీ కూడా ఇక్కడ కష్టం. ఫోమ్ ప్యాడ్లు, మైక్రోఫైబర్ బట్టలు తేలిక, సూట్‌కేస్‌లో మూలకి పడుంటాయి. ఆల్కహాల్ ఉన్న స్ప్రేలు మాత్రం విమానంలో తేనివ్వరు, అడగొద్దు.

వాట్స్ ఎంత ఉండాలి?

డీఏకి 500 నుంచి 900 వాట్స్ చాలు. వాట్స్ ఎక్కువ కనపడిందని కాకుండా ఇవి చూడండి: స్పీడ్ మార్చే డయల్ ఉందా, ఒత్తినప్పుడు స్పీడ్ పడిపోకుండా ఉంటుందా, బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే గుండ్రటి ప్లేట్), మోటార్‌లోని కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా. విడిభాగాలు దొరకని చవక మెషిన్ ఒక్క బ్రష్ అరిగిందంటే మూలన పడేయడమే.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ దగ్గర లేదు, కార్డ్‌లెస్ కొననా?

కార్డ్‌లెస్ బాగానే వచ్చాయి గానీ కారు మొత్తం చెయ్యాలంటే బ్యాటరీలు రెండు మూడు కావాలి, అక్కడే ఖర్చు పెరిగిపోతుంది. మంచి మందం ఉన్న ఎక్స్‌టెన్షన్ కార్డ్ చవక. రీల్‌కి చుట్టి ఉన్న వైర్ మొత్తం విప్పేసి వాడండి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది. కారు కడిగిన తడి నేల మీద జాయింట్ పడెయ్యొద్దు. అసోసియేషన్ వాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి, కామన్ కరెంట్ కదా.

రాణిగంజ్‌లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

మెషిన్ అయితే రాణిగంజ్ వెళ్ళి చేత్తో పట్టుకుని చూడటం నాకిష్టం, బరువు, పిడి, చప్పుడు ఫోటోలో తెలియవు. టూల్స్ షాపుల్లో ఎక్కువగా రోటరీలే చూపిస్తారు, డీఏ కావాలని గట్టిగా అడగండి. బిల్లు, వారంటీ కార్డు తీసుకోండి. ప్యాడ్లు, కాంపౌండ్లు డిటైలింగ్ సామాను మాత్రమే అమ్మేవాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో తీసుకుంటే సరుకు ఫ్రెష్‌గా ఉంటుంది.

## ప్యాడ్లు, కాంపౌండ్లు, మిగతా సామాను

ప్యాడ్లు ఎన్ని కొనాలి? ఒకటి రెండు చాలవా?

చాలవు, అందరూ తక్కువ అంచనా వేసేది ఇక్కడే. ఒక కారుకి గీతలు తీసే కటింగ్ ప్యాడ్లు కనీసం నాలుగు, మెరుపు తెచ్చే ఫినిషింగ్ ప్యాడ్లు రెండు మూడు, మూలలకి మూడు అంగుళాలవి రెండు పెట్టుకోండి. ప్యాడ్ వేడెక్కి, కాంపౌండ్‌తో, అరిగిన పెయింట్ పొడితో నిండిపోయాక కోత తగ్గిపోతుంది, కొత్త గీతలు కూడా పెడుతుంది. రెండు ప్యానెల్స్‌కి ఒక ప్యాడ్ మార్చుకుంటూ పోతే పని హాయిగా సాగుతుంది. మెషిన్ మీద పెట్టిన దాంట్లో దాదాపు సగం ప్యాడ్లు, కాంపౌండ్లు, బట్టల మీద పెట్టాల్సి వస్తుందని ముందే లెక్కేసుకోండి. సైజ్ చూసుకోండి, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్‌కి 5.5 అంగుళాల ప్యాడ్ సరిపోతుంది, ప్యాడ్ ప్లేట్ కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, లేకపోతే గట్టి ప్లేట్ అంచు పెయింట్‌కి తగులుతుంది.

ఆరెంజ్ ప్యాడ్ కటింగ్, నల్లది ఫినిషింగ్, అంతేనా?

అలా అనుకోవద్దు. రంగు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఒకరి పసుపు కటింగ్ అయితే ఇంకొకరి పసుపు ఫినిషింగ్. ప్యాకెట్ మీద రాసింది చదవండి, వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉన్నది కోతకి, మెత్తగా ఉన్నది మెరుపుకి.

ఫోమ్, మైక్రోఫైబర్, ఊల్ ప్యాడ్లలో ఏది?

మొదలుపెట్టేవాళ్ళకి ఫోమ్. మైక్రోఫైబర్ ప్యాడ్ డీఏ మీద బాగా కోస్తుంది కానీ మెత్తటి పెయింట్ మీద మసక వదిలిపెడుతుంది, తర్వాత ఫోమ్‌తో ఇంకో రౌండ్ తప్పదు. ఊల్ ఎక్కువగా రోటరీ వాళ్ళు వాడేది, బాగా పాడైన పెయింట్‌కి.

కాంపౌండ్, పాలిష్, వాక్స్ అన్నీ ఒకటేనా? షాప్‌లో అన్నిటినీ పాలిష్ అనే అంటారు.

మూడూ వేరు. కాంపౌండ్‌లో గరుకు ఎక్కువ, గీతలు తీసేది అదే. పాలిష్‌లో గరుకు సన్నం, కాంపౌండ్ వదిలిన మసక తీసి మెరుపు తెస్తుంది. వాక్స్, సీలెంట్, సిరామిక్ స్ప్రే పైన పొరలా ఉండి కాపాడేవి, గీతలు తియ్యవు. ఆల్ ఇన్ వన్ అని మూడింటి పనీ తలా కొంచెం చేసేది ఒకటి దొరుకుతుంది, తెల్ల కారుకి, రోజూ తిప్పే కారుకి నేను సంతోషంగా అదే చెప్తా. కొన్ని చవక కాంపౌండ్లలో నూనెలు, ఫిల్లర్లు ఎక్కువ, గీతల్ని నింపి దాస్తాయి, ఆ రోజు అద్దంలా ఉంటుంది, రెండు వాష్‌లకి గీతలన్నీ తిరిగి కనిపిస్తాయి.

ఏ కంపెనీ కాంపౌండ్ తీసుకోవాలో పేరు చెప్పండి చాలు.

మెన్‌జర్నాలో 400 బాగా కోసేది, 2500 మధ్యరకం, 3800 ఫినిషింగ్. మెగ్వైర్స్‌లో 105 కాంపౌండ్, 205 ఫినిషింగ్ పాలిష్. కాక్ కెమీలో హెచ్9, ఎం3, ఎఫ్6 అదే వరుస. ఒకే కంపెనీ నుంచి ఒక మధ్యరకం, ఒక ఫినిషింగ్, చిన్న సీసాలు రెండు తీసుకుంటే చాలామందికి సరిపోతుంది. బాగా కోసేది మొదటే కొనొద్దు, మధ్యరకంతో కాలేదని తేలాక కొనండి. ఒక కారుకి పట్టేది కొంచెమే, లీటర్ డబ్బా కొంటే ఏళ్ళు పడుంటుంది.

మెషిన్, ప్యాడ్లు, కాంపౌండ్ కాకుండా ఇంకేం కావాలి?

మంచి మైక్రోఫైబర్ బట్టలు డజను, అంచులకి మాస్కింగ్ టేప్, క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), ప్యాడ్ బ్రష్, గట్టి ఎల్‌ఈడీ టార్చ్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ముక్కుకి మాస్క్, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. ట్రాఫిక్‌లో అమ్మే పసుపు బట్టలతో పాలిష్ చేసిన పెయింట్‌ని ముట్టుకోవద్దు, చేసిన పనంతా వృథా.

## మెషిన్ ఆన్ చేసే ముందు

మాది బోర్ నీళ్ళు, కారు నిండా తెల్ల చుక్కలు, డైరెక్ట్‌గా పాలిష్ చేసెయ్యొచ్చా?

ముందు మందుతో కరిగించండి, పాలిష్ ఆఖరి దారి. మన దగ్గర బోర్, ట్యాంకర్ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, ఎండలో నీళ్ళు ఆరిపోయాక అవే తెల్లగా మిగులుతాయి. వాటర్ స్పాట్ రిమూవర్, లేదా సగం నీళ్ళు కలిపిన వైట్ వెనిగర్, నీడలో, చల్లటి ప్యానెల్ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి బాగా కడిగెయ్యండి. అప్పటికీ గుండ్రటి గుర్తు మిగిలితే అది క్లియర్ కోట్‌ని తినేసింది, దానికి మాత్రమే పాలిష్. తెల్ల మరకని అలాగే ఉంచి మెషిన్ పెడితే ఆ గట్టి పొడి ప్యాడ్‌లో చేరి గీతలు గీస్తుంది.

క్లే బార్ తప్పనిసరా?

చేతికి ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, కడిగిన కారు మీద నిమరండి. గరగరమంటే కావాలి, నున్నగా ఉంటే అక్కర్లేదు. బ్రేక్ దుమ్ము, మెట్రో, ఫ్లైఓవర్ పనుల దగ్గర ఎగిరిపడే సిమెంట్, చెట్ల జిగురు కడిగితే పోవు. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుప రేణువులు ఊదా రంగులోకి మారి కారతాయి, తర్వాత క్లే పని తగ్గుతుంది. క్లే కిందపడితే ఆ ముక్క పారెయ్యండి, కడిగి వాడొద్దు.

పెయింట్ మందం కొలిచే మీటర్ కొనాలా?

సెకండ్ హ్యాండ్ కారైతే కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఒక డోర్ 120, పక్క డోర్ 250 మైక్రాన్లు చూపిస్తే ఆ రెండోది రీపెయింట్ చేసింది. 500 దాటి వెయ్యి వైపు పోతుంటే లోపల లప్పం ఉన్నట్టే. అన్ని ప్యానెల్స్ కంటే బాగా తక్కువ చూపించే చోట ఇంతకుముందే ఎవరో గట్టిగా కోసేసి ఉంటారు, అక్కడ కాంపౌండ్ పెట్టొద్దు. మామూలు మీటర్ అన్ని పొరలూ కలిపే చెప్తుంది, క్లియర్ కోట్ ఒక్కదాన్నీ చెప్పదు, ప్లాస్టిక్ బంపర్ మీద పనిచెయ్యదు.

ఎండాకాలంలో ఏ టైమ్‌కి చెయ్యాలి?

మే నెలలో బయట 40 దాటినప్పుడు ఎండలో ఉన్న బానెట్ ముట్టుకోలేం, కాంపౌండ్ వేసీ వెయ్యకముందే ఎండిపోతుంది. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టండి, లేదా సెల్లార్‌లో చేసుకోండి. ప్యానెల్ మీద అరచెయ్యి హాయిగా ఆనాలి, అదే కొలత. ట్యూబ్‌లైట్ వెలుగులో గీతలు కనిపించవు, టార్చ్ కొట్టి చూస్తూ చెయ్యండి.

## పని మొదలయ్యాక

టెస్ట్ స్పాట్ అంటారు, నేరుగా మొదలుపెడితే ఏమవుతుంది?

అవసరం లేనంత కోసేస్తారు. బానెట్ మీద రెండడుగుల చదరానికి టేప్ వేసి, ముందు ఫినిషింగ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో చూడండి. గీతలు సరిపడా పోతే కారు మొత్తానికి అదే. పోకపోతే పాలిష్ మార్చండి, అప్పటికీ కాకపోతే ప్యాడ్ మార్చండి, ఒక్కోసారి ఒక్కటే. ఒకే మోడల్ కార్లు రెండు కూడా ఒకేలా స్పందించవు, ఒకటి రీపెయింట్ అయ్యుండొచ్చు. నూటికి నూరు గీతలు పోవాలని చూడొద్దు, ఎనభై పోతే కళ్ళకి కారు కొత్తగానే కనిపిస్తుంది, మిగతా ఇరవై కోసం పోయే పెయింట్ ఎక్కువ.

స్పీడ్ ఎంత పెట్టాలి, ఎంత ఒత్తాలి?

డీఏ డయల్ 1 నుంచి 6 ఉంటే పూయడానికి 1 లేదా 2, కోతకి 4 లేదా 5, ఫినిషింగ్‌కి 3 లేదా 4. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు. ప్యాడ్‌ని ప్యానెల్ మీద ఆనించాకే మెషిన్ ఆన్ చెయ్యండి, లేకపోతే కాంపౌండ్ గోడకీ మీ బట్టలకీ. చెయ్యి క్షణానికి అంగుళం చొప్పున, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, సగం సగం మీద పడేలా, నాలుగు నుంచి ఆరు సార్లు. తొందరగా అటూ ఇటూ ఊపడం వల్ల ఏమీ కొయ్యదు. ఒత్తిడి మెషిన్ బరువుకి కొంచెం ఎక్కువ, ఫినిషింగ్‌లో అయితే మెషిన్ బరువే చాలు.

మెషిన్ చప్పుడు వస్తుంది కానీ ప్యాడ్ తిరగట్లేదు, పాడైందా?

చాలావరకు పాడవలేదు. మామూలు డీఏలో ఎక్కువ ఒత్తినా, ప్యాడ్ వంగి ఒక అంచే ఆనినా తిరగడం ఆగి ఊగడం ఒక్కటే మిగులుతుంది, అప్పుడు కోత ఉండదు. బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో నల్ల గీత ఒకటి గీయండి, పని చేస్తుండగా తిరుగుతోందో లేదో కనిపిస్తుంది. ఒత్తిడి తగ్గించి ప్యాడ్ చదునుగా పెట్టండి, వంపుల దగ్గర చిన్న ప్యాడ్‌కి మారండి.

కాంపౌండ్ పొడి పొడిగా రాలుతోంది, తుడిస్తే పట్టుకుంటోంది.

వేడికి ఎండిపోతోంది, లేదా ఎక్కువ వేశారు, లేదా ప్యాడ్ నిండిపోయింది. చదరం చిన్నది చెయ్యండి, ప్యాడ్ బ్రష్‌తో దులపండి, ఆర్‌ఓ నీళ్ళు ఒక్క చుక్క స్ప్రే కొట్టండి. ఫ్యాన్ కారు మీదికి తిప్పొద్దు.

బంపర్లు, అంచుల దగ్గర ఏం జాగ్రత్త?

బాడీ లైన్లు, డోర్ అంచుల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, టేప్ వేసి దాటండి. ప్లాస్టిక్ వేడిని లోపలికి లాక్కోదు, పైనే ఉండిపోతుంది, అందుకే బంపర్ మీద స్పీడ్ తగ్గించండి. మ్యాట్ పెయింట్ మీద మెషిన్ అసలు పెట్టొద్దు, ఆ మ్యాట్ పోయి మెరుపు మచ్చలు పడతాయి, వెనక్కి రాదు.

గీతలు పోయాయో, దాక్కున్నాయో ఎలా తెలుస్తుంది?

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 15 నుంచి 25 శాతం ఉండేలా ఆర్‌ఓ నీళ్ళు కలిపి స్ప్రే చేసి తుడవండి. నూనెలన్నీ పోయి అసలు పెయింట్ కనిపిస్తుంది. తర్వాత టార్చ్, ఆ తర్వాత బయట ఎండలో చూడండి.

## అయిపోయాక

పాలిష్ అయ్యాక ఏం వెయ్యాలి? వాక్సా, సిరామిక్కా?

ఏదో ఒకటి వెయ్యాలి, ఉత్త పెయింట్ వదలొద్దు. కార్నౌబా వాక్స్ అందంగా ఉంటుంది, మన ఎండలకి ఎక్కువ కాలం నిలవదు. సీలెంట్ గానీ సిరామిక్ స్ప్రే గానీ కొన్ని నెలలు ఉంటాయి, ఇంట్లో వేసుకోవడం తేలిక. కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్‌కి మాత్రం నెల రెండు నెలలు ఆగండి, పెయింట్ లోపలి సాల్వెంట్లు బయటికి పోవాలి.

సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ఫిల్మ్) ఉన్న కారుకి పాలిష్ చెయ్యొచ్చా?

సిరామిక్ మీద పాలిష్ చేస్తే గీతలతో పాటు కోటింగ్ కూడా పోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. పీపీఎఫ్ మీద కాంపౌండ్ వద్దు, సెల్ఫ్ హీలింగ్ ఫిల్మ్ అయితే సన్న గీతలు ఎండకో వేడి నీళ్ళకో వాటంతట అవే కలిసిపోతాయి.

నెల తిరక్కుండానే మళ్ళీ గీతలు వచ్చేశాయి, ఎందుకు?

తుడిచే పద్ధతి మారలేదు కాబట్టి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఎనిమిదింటి లోపు పది పదిహేను కార్లు తుడవాలి, ఒక్క బకెట్, ఒక్క గుడ్డ, బోర్ నీళ్ళు, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు. మీ కారుకి విడిగా నాలుగు మైక్రోఫైబర్ బట్టలు ఇవ్వండి, అద్దాలు మాత్రం తుడిచి బాడీ వదిలెయ్యమని చెప్పండి, డబ్బులు మాత్రం తగ్గించకండి. వారానికోసారి మీరే రెండు బకెట్లతో కడుక్కోండి, ఒకటి షాంపూకి, ఒకటి మిట్ (కారు కడిగే గ్లోవ్) జాడించడానికి, ముందు పైపుతో దుమ్మంతా పోయేలా నీళ్ళు కొట్టాకే చెయ్యి పెట్టాలి. ఈ ఒక్కటి మారితే ఏటా కాంపౌండ్ పెట్టాల్సిన అవసరం రాదు, అప్పుడప్పుడు ఫినిషింగ్ పాలిష్‌తో సరిపోతుంది.

ప్యాడ్లు ఎలా కడగాలి, మిగిలిన కాంపౌండ్ ఎక్కడ పెట్టాలి?

పని అయిన రోజే కడగండి, ఎండిపోతే రాయిలా అవుతుంది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం లిక్విడ్ సోప్, వేళ్ళతో నొక్కుతూ. పిండి మెలితిప్పొద్దు, వెల్క్రో జిగురు ఊడుతుంది. నీడలో ఆరబెట్టి జిప్ కవర్లో పెట్టండి, కటింగ్ ప్యాడ్లు ఒక కవర్, ఫినిషింగ్ ఒక కవర్. మైక్రోఫైబర్ బట్టలకి కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్లు వెయ్యొద్దు, ఇంట్లో మిగతా బట్టలతో కలపొద్దు. కాంపౌండ్ సీసాలు మూత బిగించి ఇంట్లో అల్మారాలో పెట్టండి, డిక్కీలో వదిలేస్తే వేడికి విడిపోయి అడుగున గడ్డకడుతుంది. వాడే ముందు బాగా కుదపండి.